వృథాను తగ్గించుట, నాణ్యతను నిలుపుట: టమాటా ట్రేతో ఒక పాఠము



హైదరాబాదు నగరములో పంజగుట్టకు, యూసుఫ్‌గూడకు నడుమ శ్రీనగర్ కాలనీ కలదు. జూబ్లీహిల్సు, ఫిలింనగరు దీనికి దాపుననే ఉన్నవి. సినిమా నిర్మాతల కార్యాలయములు, అపార్టుమెంటులు, హోటళ్లు నిండిన పేట ఇది. ఇక్కడ సేద్యపు భూమి లేదు. ప్రతి ఇంటిలో వండు కూరగాయ అంతయు వెలుపలినుండి రావలసినదే. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాదు, వికారాబాదు ప్రాంతములలో పండిన సరుకు మార్కెట్టులు, రైతు బజారులు దాటి తోపుడుబండ్లమీద ఈ వీధులకు చేరుచున్నది.

ఉదయము ఒక గృహిణి బండివద్ద నిలిచి టమాటాలు ఏరుకొనుటను గమనించండి. ఆమె రైతు పేరు అడుగదు. ఎన్ని తడులు పెట్టినారని అడుగదు. కాయను చేతిలోనికి తీసికొని చూచును. మెత్తబడినదానిని, పగిలినదానిని పక్కన పెట్టును. ఆమె పక్కన పెట్టిన కాయలను బండివాడు లెక్కించుకొనును. మరునాడు మార్కెట్టులో కొనునప్పుడు ఆ నష్టమును ముందే తీసివేసి బేరమాడును. ఆ బేరము వ్యాపారి మీదుగా తిరిగి తిరిగి చివరకు రైతు వద్దకే వచ్చును. కాలనీ వీధిలో పక్కన పెట్టిన కాయకు పొలములోనే ధర తెగుచున్నదన్నమాట.

ఈ నష్టము తగ్గించుటకు ఎక్కువ ఎరువు గాని, కొత్త విత్తనము గాని అవసరము లేదు. కోత మొదలు అమ్మకము వరకు జరుగు పనిని సరిగా చూచి, లెక్క వ్రాసి, సరిదిద్దుకొనుట అవసరము. ఇందుకు కర్మాగారములవారు రెండు పద్ధతులు ఏర్పరచుకొన్నారు. ఒకటి వృథాను తగ్గించు పద్ధతి. దీనిని లీన్ అందురు. రెండవది నాణ్యతను నిలుకడగా ఉంచు పద్ధతి. దీనిని సిక్స్ సిగ్మా అందురు. 2000 సంవత్సరము తరువాత ఈ రెండింటిని కలిపి లీన్ సిక్స్ సిగ్మా అను పేరుతో ఆసుపత్రులు, బ్యాంకులు, కార్యాలయములు కూడ వాడుచున్నవి. పేరు పెద్దది, పని చిన్నది. ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు ఉన్న రైతు దీనిని చేయగలడు.

రెండు పద్ధతులు ఎట్లు పుట్టినవి?

లీన్ అనగా కొవ్వు లేని, బక్కపలుచని అని అర్థము. ఈ పద్ధతికి మూలము జపానులోని టయోటా మోటారు కంపెనీ. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత ఆ కంపెనీకి డబ్బు తక్కువ, సామగ్రి తక్కువ. అక్కడి ఇంజనీరు తైఇచి ఓనో పనిలోని వృథాను ఏడు రకములుగా విడదీసినాడు. అవి మన పొలములోను కలవు. గిరాకీకి మించి కోయుట ఒకటి. ఆటో ట్రాలీ కొరకు ఎదురుచూచుట రెండు. సరుకును అటునిటు అనవసరముగా మోయుట మూడు. ఒకసారి ఏరిన కాయనే మరల మరల ఏరుట నాలుగు. అమ్ముడుపోని సరుకు పోగుబడుట ఐదు. ఖాళీ ట్రే కొరకు గట్టు ఆ చివరకు, ఈ చివరకు నడచుట ఆరు. చెడిన కాయ ఏడు.

నాణ్యత పద్ధతికి మూలము వేరు. 1924లో అమెరికాలో టెలిఫోను పరికరముల తయారీలో పని చేయుచున్న వాల్టర్ షూహార్ట్ అను శాస్త్రజ్ఞుడు ఒక కాగితముపై గీత గీసి చూపినాడు. ఏ పనిలోనైనను కొద్దిపాటి హెచ్చుతగ్గులు సహజముగా ఉండును. గీత దాటిన హెచ్చుతగ్గునకు మాత్రము ఏదో ప్రత్యేక కారణము ఉండును అని ఆయన చెప్పినాడు. ఆయన 1947-48లో మన దేశమునకు కూడ వచ్చి, కలకత్తాలోని భారత గణాంక సంస్థ ఆహ్వానముపై ఈ విద్యను పరిచయము చేసినాడు. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ జపానులో దీనిని బోధించినాడు. 1986లో అమెరికాలోని మోటరోలా కంపెనీలో ఇంజనీరు బిల్ స్మిత్ దీనినే మరింత గట్టిచేసి సిక్స్ సిగ్మా అని పేరు పెట్టినాడు. సిగ్మా అనునది గ్రీకు అక్షరము. హెచ్చుతగ్గును కొలుచుటకు గణాంక శాస్త్రములో ఈ గుర్తును వాడుదురు. పది లక్షల అవకాశములలో 3.4 కంటె ఎక్కువ తప్పులు రాకూడదనుట వారి గురి. టమాటా తోటలో అట్టి గురి పెట్టుకొనవలసిన పని లేదు. ఆ దారి మాత్రము మనకు ఉపయోగపడును.

ఒకటి మాత్రమే చాలదు

ఈ రెండింటిలో ఏదో ఒకటి పట్టుకొన్నచో ఏమగును? ఒక రైతు వేగమే ముఖ్యమని తలచి, కూలీలను తొందరపెట్టి, కోసిన కాయను కోసినట్లే ట్రేలలో కుక్కి, పెందలకడనే బండి ఎక్కించినాడు అనుకొందాము. అతని సరుకు త్వరగా మార్కెట్టు చేరును. అందులోని చెడు కూడ అంతే త్వరగా చేరును. మరియొక రైతు నాణ్యతే ముఖ్యమని తలచి, ప్రతి కాయను మూడుసార్లు ఏరించినాడు అనుకొందాము. ఏరిన కొలది కాయకు చేతి దెబ్బ తగులును, మధ్యాహ్నము దాటును, కాయ వేడెక్కును. అతడు ఏరినప్పుడు బాగుగా ఉన్న కాయయే తెల్లవారునప్పటికి మెత్తబడును.

కావున వేగము, నాణ్యత అను రెండు ఎడ్లను ఒకే కాడికి కట్టవలెను. ఒకటి ముందుకు లాగి, ఒకటి వెనుకబడినచో చాలు వంకరపోవును. ఇందుకు ఐదు మెట్లు కలవు: సమస్యను తేల్చి చెప్పుట, కొలుచుట, కారణము వెదకుట, సరిదిద్దుట, నిలుపుకొనుట. ఒక ఊహాజనితమైన రైతు లెక్కతో ఈ ఐదింటిని వరుసగా చూతము. ఇందులోని అంకెలు పాఠము కొరకు కల్పించినవి. మీ అంకెలు మీరే వ్రాసికొనవలెను.

మొదటి మెట్టు: సమస్యను తేల్చి చెప్పుట

"మార్కెట్టులో మనకు ధర రావడము లేదు" అనునది సమస్య కాదు, బాధ. బాధను కొలువలేము. "మన టమాటాకు పక్క ఊరి సరుకుకన్న కిలోకు 2 రూపాయలు తక్కువ వచ్చుచున్నది, వ్యాపారి దెబ్బ కాయలు చూపి తగ్గించుచున్నాడు" అనునది సమస్య. దీనిని కొలువవచ్చును.

సమస్యను కొనువాని వైపునుండి చెప్పవలెను. శ్రీనగర్ కాలనీ గృహిణికి కావలసినది గట్టిగా ఉండి, ఎర్రబారుచున్న, మచ్చలేని కాయ. రెండు మూడు రోజులు ఇంట నిలువగల కాయ. ఆమె డబ్బు ఇచ్చునది వీటికే. మన పనిలో ఈ గుణములను పెంచునది ఏది, పెంచనిది ఏది అని విడదీయుటయే ఈ పాఠమునకు పునాది.

రెండవ మెట్టు: కొలుచుట

కొలువవలసినవి రెండు. మొదటిది కాలము, రెండవది తప్పు.

మన రైతు ఒక విడతకు 40 ట్రేలు, ట్రేకు సుమారు 25 కిలోల చొప్పున 1,000 కిలోలు కోయుచున్నాడు. ఒకరోజు గడియారము చూచి అతడు ఇట్లు వ్రాసికొన్నాడు:

ఉదయము 6 నుండి 11 వరకు కోత: 5 గంటలు.
11 నుండి 2 వరకు కాయలు గట్టుమీద కుప్పగా ఉన్నవి: 3 గంటలు.
2 నుండి 5 వరకు ఏరి, ట్రేలకు ఎత్తుట: 3 గంటలు.
5 నుండి రాత్రి 8 వరకు బండి కొరకు ఎదురుచూపు: 3 గంటలు.
8 నుండి 10 వరకు ప్రయాణము: 2 గంటలు.
10 నుండి తెల్లవారుజామున 4 వరకు మార్కెట్టులో ఎదురుచూపు: 6 గంటలు.
4 నుండి 5 వరకు తూకము, అమ్మకము: 1 గంట.

మొత్తము 23 గంటలు. ఇందులో పని జరిగినది 11 గంటలు. కాయ ఊరక ఉన్నది 12 గంటలు. మనుష్యునికి విశ్రాంతియైన కాలము కోసిన కాయకు విశ్రాంతి కాదు. కోసిన పిదపకూడ కాయ ఊపిరి తీయుచునే ఉండును, పండుచునే ఉండును. ఎండలో ఇది మరింత వేగముగా జరుగును.

ఎదురుచూపు ఖరీదు ఎంతో ఫిలింనగరు సినిమావారికి బాగుగా తెలియును. షూటింగులో ఒక దీపము సరిచేయుటకు అరగంట పట్టినచో, ఆ అరగంటయు నటులు, సాంకేతికులు, పనివారు అందరును ఊరక నిలువవలెను. వారి ఖర్చు మాత్రము నిలువదు. అందుచేతనే మరునాడు ఎవరు ఎన్ని గంటలకు రావలెనో, ఏ సామాను ఉండవలెనో ముందురోజే కాగితముపై వ్రాసి అందరికి తెలుపుదురు. మన కోతరోజుకు కూడ అట్టి కాగితము ఒకటి ఉండవలెను.

ఇక తప్పుల లెక్క. మార్కెట్టు చేరిన పిదప మన రైతు 10 ట్రేలనుండి ట్రేకు 100 కాయల చొప్పున 1,000 కాయలు చూచినాడు. పైపొరలోని కాయలే కాక, నడుమనుండి, అడుగునుండి కూడ తీసినాడు. అందులో 140 కాయలు బాగుగా లేవు. వాటిని రకములుగా విడదీసినాడు:

దెబ్బ తగిలి నలిగినవి 62.
అతిగా పండినవి 38.
పగిలినవి 18.
కాయతొలుచు పురుగు పట్టినవి 14.
ఇతర కారణములు 8.

మొదటి రెండు రకములు కలిపి 100. అనగా చెడిన ప్రతి 100 కాయలలో సుమారు 71 ఈ రెండు కారణముల వలననే చెడినవి. మన రైతు అంతవరకు పురుగు మందుపైననే ఎక్కువ ఖర్చు పెట్టుచుండెను. లెక్క వేరు మాట చెప్పినది.

మూడవ మెట్టు: కారణము వెదకుట

140ని 10 ట్రేలకు పంచినచో ట్రేకు సగటున 14 చెడ్డ కాయలు. సగటు చూచి ఆగిపోరాదు. ట్రేవారీగా చూచినచో అంకెలు ఇట్లున్నవి: 8, 9, 10, 9, 27, 10, 8, 28, 9, 22.

ఏడు ట్రేలలో 8 నుండి 10 వరకు మాత్రమే ఉన్నవి. మూడు ట్రేలలో 22, 27, 28 ఉన్నవి. ఏ ట్రేలోను 14 లేదు! సగటు అనునది ఇట్లు నిజమును కప్పిపుచ్చును.

ఇప్పుడు షూహార్ట్ గీత గీయవచ్చును. మామూలుగా నడచిన ఏడు ట్రేల సగటు 9. దాని వర్గమూలము 3. దానికి మూడింతలు 9. సగటుకు దీనిని కలిపినచో 18. ఇది పై హద్దు. 8కి, 10కి నడుమ ఉన్న తేడా సహజమైన హెచ్చుతగ్గు. దానికి కారణము వెదకి ఫలము లేదు. 8 కాయలు చెడిన ట్రే నింపిన కూలీని మెచ్చుకొని, 10 చెడిన ట్రే నింపిన కూలీని తిట్టుట అన్యాయము. 18 దాటిన మూడు ట్రేలకు మాత్రము ప్రత్యేక కారణము ఉండి తీరును. దానిని వెదకవలెను.

వెదకుటకు సులభమైన మార్గము "ఎందుకు?" అని వరుసగా అడుగుట. ఆ మూడు ట్రేలలో కాయ ఎందుకు నలిగినది? అంచు దాటునట్లు నింపి, పైన మరొక ట్రే పెట్టినందున. ఎందుకు అంచు దాటి నింపినారు? చివరలో ట్రేలు చాలనందున. ఎందుకు చాలలేదు? గత విడత ఖాళీ ట్రేలు కొన్ని మార్కెట్టులోనే ఉండిపోయినందున. ఎందుకు ఉండిపోయినవి? వెళ్లిన ట్రేలు ఎన్ని, వచ్చినవి ఎన్ని అని ఎవరును వ్రాయనందున. మొదటి "ఎందుకు" వద్దనే ఆగినచో కూలీ తప్పని తోచును. చివరి "ఎందుకు" వరకు పోయినచో లెక్కపుస్తకము తప్పని తెలియును.

అతిగా పండినవాటి సంగతి కూడ ఇట్లే. ఆ మూడు ట్రేలును కుప్ప అడుగునుండి చివరగా నింపినవి. మొదట కోసిన కాయ అడుగున చేరి, చివర ఏరబడుచున్నది. అనగా అందరికంటె ముందు కోసిన కాయ అందరికంటె ఎక్కువసేపు బరువు క్రింద, ఎండలో ఉన్నది. పైగా బాగుగా పండిన కాయనుండి ఎథిలీన్ అను వాయువు వెలువడి చుట్టునున్న కాయలను కూడ త్వరగా పండించును. గట్టుమీది కుప్ప ఒక పక్క కాలమును వృథా చేయుచున్నది. మరియొక పక్క నాణ్యతను చెరచుచున్నది. వృథా, తప్పు అను రెండింటికి వేరు ఒక్కటే అని ఇక్కడ తేలినది. రెండు పద్ధతులను కలిపి చదువుటకు కారణము ఇదియే.

ఆ మూడు ట్రేల వలన నష్టమెంత? మూడు ట్రేలు 75 కిలోలు. మామూలు ట్రేలకన్న వీటిలో నూటికి సుమారు 17 కాయలు అధికముగా చెడినవి. అనగా 13 కిలోలకు లోపు. కిలో 15 రూపాయలు అనుకొన్నచో సుమారు 190 రూపాయలు. అయితే వ్యాపారి 40 ట్రేలు విప్పి చూడడు. రెండు మూడు విప్పును. అతని చేతికి చెడ్డ ట్రే తగిలినచో బండి మొత్తమునకు అదే ధర కట్టును. 1,000 కిలోలకు కిలోకు 2 రూపాయలు తగ్గినచో 2,000 రూపాయలు. చెడిన కాయకన్న నిలుకడ లేకపోవుట వలన కలిగిన నష్టము పదింతలు!

నాల్గవ మెట్టు: సరిదిద్దుట

మన రైతు ఈ మార్పులు చేసికొన్నాడు.

ఒకటి: ఒక్కరోజున 40 ట్రేలు కోయుట మాని, రోజు విడిచి రోజు 20 ట్రేలు కోయుట. పక్క పొలము రైతు మరొక 20 ట్రేలు కోయును. ఇద్దరి సరుకు ఒకే బండిలో పోవును గనుక కిరాయి పెరుగదు. చిన్న విడతలుగా కోసినచో కాయ చెట్టుపై అతిగా పండుట కూడ తగ్గును.

రెండు: మధ్యాహ్నము 3 గంటలకు మొదలుపెట్టి 7 గంటలకు కోత, ఏరివేత కలిపి ముగించుట. కొందరు కోయుచుండగా కొందరు చెట్టునీడన అప్పటికప్పుడు ఏరి ట్రేలలో పేర్చుదురు. గట్టుమీద కుప్ప అనునదే ఉండదు. ముందు నిండిన ట్రే ముందు బండి ఎక్కును.

మూడు: ట్రేలో కాయలను అంచుకు రెండు అంగుళములు తక్కువగా నింపుట. ఇందుకు ట్రే లోపలివైపు రంగుతో గీత గీసినాడు. గీత కనబడినంతసేపు తూకము గాని, చెప్పుట గాని అవసరము లేదు. చదువు రాని కూలీకి కూడ గీత అర్థమగును.

నాలుగు: దూరపు మార్కెట్టుకు కాయ రంగు మారుట మొదలుపెట్టగనే కోయుట, దగ్గరి రైతు బజారుకు సగము ఎరుపెక్కినది కోయుట. ఎర్రగా పండినది వేరు ట్రేలో పెట్టి ఆ పూటయే అమ్ముట. ఏ రంగు కాయ కోయవలెనో తెలుపుటకు నమూనా కాయలు మూడింటిని ఒక పళ్లెములో పెట్టి కోతకు ముందు అందరికి చూపుట.

ఐదు: బండి రాత్రి 1 గంటకు బయలుదేరి 3 గంటలకు మార్కెట్టు చేరునట్లు ఏర్పాటు చేసికొనుట. మూడు గంటలకు మొదలైన కోత తెల్లవారుజామున 5 గంటలకు అమ్మకముతో ముగిసినచో మొత్తము 14 గంటలు. మునుపటి 23 గంటలతో పోల్చినచో 9 గంటలు తగ్గినవి. మిగిలిన ఎదురుచూపు కూడ ఎండలో గాక రాత్రి చల్లదనములో జరుగును.

పగిలిన కాయల మాట వేరు. తడికి, తడికి నడుమ నేల బాగుగా ఎండి, తరువాత ఒక్కసారి ఎక్కువ నీరు అందినచో కాయ పగులును. దీనికి మందు తడి క్రమములోనే కలదు. కాయతొలుచు పురుగునకు ఎరపంటగా టమాటా వరుసల నడుమ బంతి వేయుట అనుభవములో ఉన్న పద్ధతి. పెద్ద కారణములు రెండును సరిదిద్దిన పిదప వీటిపై దృష్టి పెట్టవలెను.

మార్పు మంచిదో కాదో ఎట్లు తెలియును?

ఇక్కడ వ్యవసాయదారుడు గర్వింపదగిన సంగతి ఒకటి కలదు. కర్మాగారములవారు నేడు వాడు ప్రయోగ పద్ధతి పొలములోనే పుట్టినది. 1919లో రొనాల్డ్ ఫిషర్ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో చేరి, మడుల ప్రయోగములకు నియమములు ఏర్పరచినాడు. పోల్చవలసిన రెండు పద్ధతులను ఒకే కాలములో, ఒకే పొలములో పక్కపక్కన ఉంచవలెను. ఏ మడికి ఏ పద్ధతి అనునది చీటీ తీసి నిర్ణయింపవలెను. ఒకటికి నాలుగు మారులు చేయవలెను అని ఆయన చెప్పినాడు.

ఆ విద్యను ముందుకు నడిపినవారిలో మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ముఖ్యులు. 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో చదివి, భారత గణాంక సంస్థలో పని చేసి, 2023లో పరమపదించినారు. అనేక ప్రశ్నలకు తక్కువ ప్రయోగములతో జవాబు రాబట్టు అమరికలను ఆయన 1940ల దశకములో రూపొందించినారు. జపానుకు చెందిన గెనిచి తగుచి 1954-55లో కలకత్తాలోని ఆ సంస్థకు వచ్చి, అనంతరము అట్టి అమరికలనే కర్మాగారముల నాణ్యత పనిలో విస్తారముగా వాడినాడు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములో రావుగారి పేరిట ఒక గణిత, గణాంక సంస్థ కలదు.

ఆ అమరికను టమాటాతోనే చూడవచ్చును. మూడు ప్రశ్నలు అనుకొందాము: కోత ఉదయమా, సాయంకాలమా? ట్రే అంచువరకా, గీతవరకా? అడుగున మెత్తని కాగితము వేయవలెనా, అక్కరలేదా? అన్ని విధముల కలిపినచో 8 ప్రయోగములు. ఈ అమరికలో 4 చాలును:

1. ఉదయము కోత, అంచువరకు, కాగితము లేదు.
2. ఉదయము కోత, గీతవరకు, కాగితము కలదు.
3. సాయంకాలము కోత, అంచువరకు, కాగితము కలదు.
4. సాయంకాలము కోత, గీతవరకు, కాగితము లేదు.

ప్రతి పద్ధతియు రెండుమారులు వచ్చుట, ఏ రెండు పద్ధతుల జతయైనను ఒక్కమారే వచ్చుట గమనించండి. 1, 2 ప్రయోగముల చెడ్డ కాయలను కలిపి, 3, 4 ప్రయోగముల మొత్తముతో పోల్చినచో కోతవేళ ప్రభావము తెలియును. 1, 3ను 2, 4తో పోల్చినచో ట్రే నింపుట ప్రభావము. 1, 4ను 2, 3తో పోల్చినచో కాగితము ప్రభావము తెలియును. ఒక పద్ధతి ఫలితము మరియొక పద్ధతిపై ఎక్కువగా ఆధారపడినచో ఈ లెక్క తప్పుదారి పట్టించును. కావున ఒక్కమారు చేసి నమ్మక, నాలుగైదు విడతలు చేసి చూడవలెను.

ఐదవ మెట్టు: నిలుపుకొనుట

కొత్త పద్ధతి మొదటి వారము బాగుగా నడచును. రెండవ నెలలో పెండ్లి వచ్చును, వాన వచ్చును, కూలీలు మారుదురు. పాత అలవాటు గడ్డివలె మరల మొలచును. కలుపు తీయుట ఒక్కమారుతో తీరనట్లే ఇదియు ఒక్కమారుతో తీరదు.

ఇందుకు ప్రతి విడతకు ఒక కాగితము ఉంచవలెను. అందులో కోత మొదలైన వేళ, బండి కదలిన వేళ, అమ్మిన వేళ, పోయిన ట్రేలు, తిరిగి వచ్చిన ట్రేలు, 100 కాయలలో చెడినవి, కిలోకు వచ్చిన ధర అను ఏడు అంకెలు చాలును. చెడిన కాయల అంకెను గీతల కాగితముపై చుక్కగా పెట్టవలెను. సగటు గీత, పై హద్దు గీత ముందే గీసి ఉంచవలెను. చుక్క హద్దులోపల ఉన్నచో పద్ధతి మార్చరాదు. హద్దు దాటినచో ఆనాడే కారణము అడుగవలెను. హద్దులోపల ఉన్నప్పటికి సగటే ఎక్కువ అనిపించినచో కూలీలను మందలించుట వలన అది తగ్గదు. పద్ధతినే మరల మార్చవలెను.

కొన్ని హెచ్చరికలు

కంటికి కనబడు నాణ్యత ఒకటి, కనబడనిది మరొకటి. మందు చల్లిన పిదప డబ్బాపై చెప్పిన గడువు గడువకుండ కోసిన కాయ ఎంత నిగనిగలాడినను అది చెడిన కాయయే. గృహిణి దానిని చేతితో పట్టి చూచి తెలిసికొనలేదు. ఆ బాధ్యత పూర్తిగా రైతుదే. చల్లిన తేదీని కూడ ఆ కాగితముపైననే వ్రాయవలెను.

చెడిన సరుకును ఉపయోగించు మార్గములు కలవు. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో పారవేయు కూరగాయలనుండి విద్యుత్తు తీయు కేంద్రము నెలకొల్పబడినది. రోజుకు సుమారు 10 టన్నుల వృథానుండి 500 యూనిట్ల వరకు విద్యుత్తు వచ్చునని 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగములో తెలిపినారు. ఇది మెచ్చదగిన పని. అయితే ఆ 10 టన్నుల వెనుక దుక్కి, నీరు, ఎరువు, కూలి, కిరాయి ఉన్నవి. వృథాను వాడుకొనుటకన్న వృథా కాకుండ చూచుకొనుట రైతుకు లాభము.

ఈ పద్ధతి ధరను శాసించలేదు. మార్కెట్టుకు సరుకు వెల్లువైన రోజున మంచి కాయకును ధర పడిపోవును. కాని ఆ రోజున కూడ ముందు అమ్ముడుపోవునది నిలుకడగల సరుకే. "ఫలానా పొలము ట్రే విప్పి చూడనక్కరలేదు" అని వ్యాపారి అనుకొన్న రోజున మీ లెక్క ఫలించినట్లు.

చర్చకు ప్రశ్నలు

ఈ పాఠమును రైతు వేదికలో గాని, సంఘ సమావేశములో గాని ఒకరు చదువగా అందరును విని, క్రింది ప్రశ్నలను చర్చింపవలెను. సందేహములున్నచో మీ మండల వ్యవసాయ విస్తరణాధికారిని అడుగవలెను.

1. మీ సరుకు కోత మొదలు అమ్మకము వరకు ఎన్ని గంటలు పట్టుచున్నది? అందులో ఊరక ఉన్నది ఎన్ని గంటలు?
2. మీ సరుకులో 100కు ఎన్ని చెడుచున్నవి? అందులో పెద్ద కారణములు రెండు ఏవి? అవి మీరు ఇదివరకు అనుకొన్నవేనా?
3. మీరు ఎవరినైనను తిట్టిన తప్పులలో సహజమైన హెచ్చుతగ్గులు ఎన్ని? పద్ధతిలోని లోపములు ఎన్ని?
4. పక్క రైతుతో కలిసి చిన్న విడతలుగా కోయుటకు మీ ఊరిలో అడ్డు ఏమి?

వచ్చే కోతకు ముందు ఒక్క పని చేయండి. ఏ మార్పును చేయక, ఒక విడతను ఉన్నది ఉన్నట్లు కొలిచి వ్రాయండి. తక్కిన మెట్లన్నియు ఆ కాగితము మీదనే నిలుచును.